‘జస్టిఫికేషన్’ను ప్రతిచోటా ‘సమర్థన’ అనవచ్చునా?

అనువాదకూపం
ఒక వ్యాస సంకలనాన్ని ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువదిస్తున్నాను. ఒక ఆంగ్లపదానికి పుస్తకమంతటా ఒకే తెలుగు పదం వాడాలన్నది మా సంపాదకుడి నియమం. నూట ఇరవై పుటల వరకు ఆ నియమం నాకు ఇబ్బంది కలిగించలేదు. ‘జస్టిఫికేషన్’ దగ్గరికి వచ్చేసరికి పని ఆగిపోయింది.

మొదటి వ్యాసం నీతిశాస్త్రం గురించి కనుక ‘సమర్థన’ అని రాశాను, బాగానే కుదిరింది. రెండోది జ్ఞానం అంటే ఏమిటన్న తాత్త్విక చర్చ. అక్కడ కొంచెం వదులుగా అనిపించింది. మూడోది నేర న్యాయం గురించినది, అక్కడ అర్థం తలకిందులైంది. నాలుగోది క్రైస్తవ దైవశాస్త్రం, అక్కడ వాక్యమే నిలబడలేదు. అయిదోది అచ్చుకళ గురించి. ‘పంక్తుల సమర్థన’ అని రాసి, నాకే నవ్వొచ్చి, కొట్టేశాను.

అసలు ‘సమర్థించు’ అన్న క్రియతోనే నాకు పేచీ ఉంది. ‘ఆ దాడిని ఆయన సమర్థించారు’ అని పత్రికలో చదివితే, ఆయన దాడికి మద్దతు పలికారా, లేక దాడి ఎందుకు సరైనదో వాదించి చూపారా అన్నది తెలియదు. ‘కింది కోర్టు తీర్పును పై కోర్టు సమర్థించింది’ అన్నప్పుడు అది మూడో అర్థం. ఇన్ని బరువులు మోస్తున్న పదం మీద మరో అయిదు బరువులు వేయడం సరైనదేనా?

లఘువు
‘జస్టిఫికేషన్’ అనే ఉంచేయండి. బస్సును అనువదించకుండానే ఎక్కుతున్నాం.

గళ్ళనుడి
లఘువు గారి ఉపమానం ఇక్కడ పనిచేయదు. బస్సు ఒక వస్తువు, ఎక్కడ చూసినా అదే వస్తువు. ఈ పదం అయిదు వ్యాసాల్లో అయిదు పనులు చేస్తున్నప్పుడు దాన్ని అలాగే వదిలేస్తే, అనువాదకుడు చేయవలసిన పనిని పాఠకుడి నెత్తిన పెట్టినట్టే అవుతుంది.

మూలం చూస్తే ఈ అయిదు అర్థాల మధ్య చుట్టరికం కొంత తెలుస్తుంది. లాటిన్‌లో ‘యూస్తుస్’ అంటే న్యాయమైనది, సరైనది. ‘ఫాకెరె’ అంటే చేయడం. రెండూ కలిస్తే ‘సరైనదిగా చేయడం’. అంటే ఎక్కడో ఒక కొలత ఉన్నది, ఆ కొలతకు ఒకదాన్ని సరిపెట్టడమో, సరిపోయిందని చూపడమో జరుగుతున్నది. నీతిలో ఆ కొలత ధర్మం, కోర్టులో చట్టం, తర్కంలో ప్రమాణం, అచ్చులో పంక్తి పొడవు. కొలత మారినప్పుడల్లా తెలుగు మాట మారడం దోషం కాదని నా అభిప్రాయం.

చాక్‌పీసు
ప్రశ్నపత్రాల్లో ‘మీ జవాబును సమర్థించండి’ అని ఇస్తుంటాం. లెక్కల ఉపాధ్యాయుడిగా నాకు ఎదురైన ఒక జవాబు ఇది: ‘నా జవాబును నేను పూర్తిగా సమర్థిస్తున్నాను.’ మార్కు వేయలేదు గానీ, తప్పు ఆ పిల్లవాడిది కాదని ఇప్పటికీ అనుకుంటాను. అనువాదకూపం గారు చెప్పిన మద్దతు అర్థమే వాడికి తెలిసిన అర్థం.

గణితానికి మాత్రం మనకు పాత మాట ఒకటి ఉంది, అది ‘ఉపపత్తి’. భాస్కరాచార్యుడి గణిత గ్రంథం లీలావతికి 16వ శతాబ్దంలో వ్యాఖ్య రాసిన గణేశ దైవజ్ఞుడు సూత్రాలకు ఉపపత్తులు చెప్పాడు. సూత్రం ఎందుకు నిలుస్తుందో చూపేది ఉపపత్తి. అందులో మద్దతుకు చోటు లేదు, నచ్చినా నచ్చకపోయినా సూత్రం నిలుస్తుంది.

లఘువు
ఆ పిల్లవాడికి అర మార్కు ఇవ్వవలసింది. ఆత్మవిశ్వాసం కూడా ఒక ప్రమాణమే.

యతిభంగం
సమర్థనను అంత తేలికగా తోసివేయకండి. అది పత్రికలవాళ్ళు పుట్టించిన మాట కాదు. కావ్యలింగాలంకారానికి కువలయానందం అన్న అలంకారశాస్త్ర గ్రంథంలో ఇచ్చిన లక్షణమే సమర్థనీయమైన అర్థాన్ని సమర్థించడం. అక్కడి ఉదాహరణ కూడా ముచ్చటైనది: ‘మందుడా, మన్మథా, నిన్ను జయించాను, నా చిత్తంలో ముక్కంటి ఉన్నాడు.’ మన్మథుణ్ణి జయించాననడం వినగానే నమ్మే మాట కాదు కాబట్టి దానికి ఆధారం కావాలి. మన్మథుణ్ణి కాల్చినవాడే మనసులో ఉన్నాడన్నది ఆ ఆధారం. అర్థాంతరన్యాసంలో కూడా సామాన్యాన్ని విశేషంతోనో, విశేషాన్ని సామాన్యంతోనో సమర్థించడమే జరుగుతుంది. మాట నమ్మశక్యంగా లేనప్పుడు దాని కాళ్ళ కింద రాయి పెట్టడం అన్న అర్థం సమర్థనకు మొదటినుంచీ ఉన్నది. మద్దతు అన్న అర్థమే తరువాత వచ్చి పై గదిలో కూర్చున్నది.

అనువాదకూపం
యతిభంగం గారి మాటతో మొదటి వ్యాసానికి ‘సమర్థన’ నిలిచిందనుకుంటాను. నన్ను అసలు తిప్పలు పెడుతున్నది మూడోది. అందులో ‘జస్టిఫికేషన్’ను, ‘ఎక్స్‌క్యూజ్’ను పక్కపక్కన పెట్టి తేడా చెప్పారు. రెండోదానికి ‘సాకు’ అని రాస్తే పిచ్చివాడు చేసిన నేరానికి పిచ్చి ఒక సాకు అన్నట్టు వస్తోంది.

వకాల్తా
‘సాకు’ అని మాత్రం రాయకండి, సాకు అనగానే అబద్ధమని తీర్మానించినట్టే. ఆ తేడా ఇది. మీద పడి చంపబోయినవాణ్ణి ప్రాణరక్షణకోసం కొట్టినవాడి పని, ఆ పరిస్థితిలో, తప్పే కాదు. ఇది జస్టిఫికేషన్. ఏం చేస్తున్నాడో తెలియని ఉన్మాది ఒకరిని కొడితే, ఆ పని తప్పే, కానీ తప్పును ఆ మనిషికి అంటగట్టలేం. ఇది ఎక్స్‌క్యూజ్. మొదటిదానిలో పనికి దోషం పోతుంది, రెండోదానిలో మనిషికి మాత్రమే పోతుంది.

ఇది మాటల గారడీ కాదు, దీనికి ఆచరణలో ఫలితం ఉంది. ఆత్మరక్షణ కోసం ఎదురుదెబ్బ తీస్తున్నవాడి మీద తిరిగి ‘ఆత్మరక్షణ’ హక్కు దాడి చేసినవాడికి రాదు. కానీ ఉన్మాది మీద పడితే ఎవరైనా తమను తాము కాపాడుకోవచ్చు. అతడికి శిక్ష లేకపోయినంత మాత్రాన అతడి దెబ్బ తినవలసిన పని లేదు. 1860 నాటి భారత శిక్షాస్మృతి 98వ సెక్షనులో ఈ మాటే ఉండేది. అదే శిక్షాస్మృతి 79వ సెక్షను చట్టరీత్యా సమర్థనీయమైన పని చేసినవాడి గురించి చెప్పింది.

మొదటిదానికి ‘చట్టసమ్మతి’ అని, రెండోదానికి ‘దోషవిముక్తి’ అని నేనైతే రాస్తాను. ‘మన్నింపు’ అనడం కూడా కుదరదు, ఎందుకంటే మన్నించాలంటే ముందు నేరం అంటాలి.

మరో విషయం. పరువునష్టం దావాల్లో ‘నేను రాసింది నిజమే’ అన్న ప్రతివాదానికి ఇంగ్లండులో ‘జస్టిఫికేషన్’ అనే పేరుండేది. 2013లో వచ్చిన పరువునష్టం చట్టం ఆ పేరు తీసేసి ‘ట్రూత్’ అని పెట్టింది. ఈ పదంతో ఇంగ్లీషువాళ్ళకే విసుగొచ్చిందన్నమాట. మీరొక్కరే కాదు.

సందేహాల పుట్ట
రెండో వ్యాసం నా ఇలాకా. జ్ఞానం అంటే ‘ఆధారం ఉన్న నిజమైన నమ్మకం’ అన్న ఆలోచన ప్లేటో రాసిన థియటీటస్ సంభాషణలో కనిపిస్తుంది, అయితే ఆ సంభాషణ అక్కడ తృప్తిపడకుండానే ముగుస్తుంది. 1963లో ఎడ్మండ్ గెటియర్ మూడే పుటల వ్యాసంలో ఆధారమూ ఉండి, నిజమూ అయి, అయినా జ్ఞానం అనిపించని సందర్భాలు చూపాడు. గోడ గడియారం నిన్న పది గంటలకు ఆగిపోయింది. ఈ రోజు సరిగ్గా పది గంటలకు దాన్ని చూసి పది అయిందని నేను నమ్మాను. నమ్మకం నిజం. గడియారం చూసి నమ్మడం తప్పూ కాదు. అయినా నాకు టైము తెలుసునని అనగలమా?

శ్రీహర్షుడు 12వ శతాబ్దంలోనే ఖండనఖండఖాద్యంలో ఇలాంటి చిక్కు తెచ్చాడు. ఒకడు పిడికిట్లో గవ్వలు పట్టుకుని ఎన్ని అని అడుగుతాడు. రెండోవాడు ఊహించి అయిదు అంటాడు, సరిగ్గా అయిదే ఉంటాయి. మాట నిజం, కానీ అది తెలియడం కాదు, తగలడం.

ఇక్కడ ‘సమర్థన’ అంటే నమ్మినవాడు వాదిస్తున్నట్టు ధ్వనిస్తుంది. అసలు అర్థం వాదన కాదు, నమ్మకానికి కింద ఉన్న ఆధారం. కాబట్టి ‘సాధారమైన నమ్మకం’ అనవచ్చు. ‘స’ను విడదీసి రాయకపోతే మామూలు నమ్మకం అనుకుంటారేమోనన్న భయం ఉంటే ‘ప్రమాణయుతమైన నమ్మకం’ అనండి.

గళ్ళనుడి
‘సాధారమైన’ వద్దు. ప్రూఫు చూసేవారు దాన్ని ‘సాధారణమైన’ అని దిద్ది, తమ పని చేశామన్న తృప్తితో నిద్రపోతారు.

చాక్‌పీసు
‘ప్రమాణం’ కూడా ఇబ్బందే. న్యాయదర్శనంలో ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అన్న నాలుగూ ప్రమాణాలు, అంటే జ్ఞానం కలిగించే సాధనాలు. జ్ఞానం పుట్టే దారిని చెప్పే మాటను, పుట్టిన నమ్మకం నిలిచే నేలకు వాడుతున్నాం.

సందేహాల పుట్ట
చాక్‌పీసు గారి అభ్యంతరం సరైనదే, కానీ ప్రమాదం తక్కువ. మన దర్శనాలు ఆ రెండింటినీ విడదీయడానికి అంతగా తొందరపడలేదు. దారి మంచిదైతే చేరిన చోటూ మంచిదేనన్నది వాళ్ళ ధోరణి. పైగా ఆధారానికి ఆధారం, దానికి మరో ఆధారం అని అడుగుతూ పోతే ‘అనవస్థ’ అనీ, చుట్టూ తిరిగి మొదటిచోటికే వస్తే ‘చక్రకం’ అనీ దోషాలకు పేర్లు కూడా సిద్ధంగా ఉన్నాయి. పాశ్చాత్య తత్త్వంలో ఇదే ప్రశ్న మీద ఎంత చర్చ జరిగిందో ఆ వ్యాసం చదివితే తెలుస్తుంది. అనువాదకూపం గారూ, ఆ చోట మీకు కొత్త మాటలు పుట్టించే పని లేదు.

మసకవెన్నెల
ఇంతవరకు ఎవరూ ‘సమర్థించు’కూ ‘సమర్థించుకొను’కూ ఉన్న తేడా ఎత్తలేదు. ‘తన పనిని సమర్థించుకున్నాడు’ అనగానే ఆ పని తప్పని మనకు ముందే తెలిసిపోతుంది. తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నవాడు చేసింది అదే. ఇంగ్లీషులో జస్టిఫికేషన్ అంటే నిజమైన ఆధారమా, తరువాత అతికించిన ఆధారమా అన్నది సందర్భాన్ని బట్టి ఊహించుకోవాలి, లేదా 1908లో ఎర్నెస్ట్ జోన్స్ మనోవిశ్లేషణలోకి తెచ్చిన ‘రేషనలైజేషన్’ అన్న మరో పదాన్ని ఆశ్రయించాలి. తెలుగులో ఒక్క ‘కొను’ చేర్చితే చాలు.

యతిభంగం
‘కొను’ మీద అంత నేరం మోపడం అన్యాయం. ‘పరిశోధకురాలు తన సిద్ధాంతాన్ని పరీక్షకుల ముందు సమర్థించుకోగలిగింది’ అన్నప్పుడు ఆమెను ఎవరూ అనుమానించరు. ‘కొను’ చెప్పేది ఆ పని ఫలితం చేసినవారికే చేరుతుందని మాత్రమే. వండుకోవడం, కుట్టుకోవడం, చదువుకోవడం తప్పులు కావు గదా.

మసకవెన్నెల
సిద్ధాంతం ఉదాహరణ ఒప్పుకుంటాను. కానీ అక్కడ కూడా ఎదురుగా దాడి చేసేవాళ్ళు ఉన్నారని గమనించండి. తనకు తాను సమర్థించుకోవలసిన అవసరం వచ్చిందంటే ఎవరో వేలు చూపారని అర్థం. తప్పు ఉందని కాదు గానీ, ఆరోపణ ఉందని ‘కొను’ చెబుతుంది. నా మొదటి మాటను అంతవరకు సవరించుకుంటున్నాను. (ఈ ‘కొను’ను కూడా ఎవరైనా పట్టుకోవచ్చు.)

బల్లకట్టు
ఆఫీసు భాషలో దీనికే ‘సంజాయిషీ’ అన్న మాట ఉంది. కానీ సంజాయిషీ పై నుంచి కిందికి అడుగుతారు, కింది నుంచి పైకి ఇస్తారు. పై అధికారిని సంజాయిషీ అడిగిన గుమాస్తా గురించి నేను వినలేదు. సమర్థనకు ఇలాంటి మెట్లు లేవు. అలాగే ‘వివరణ’ వేరు. వరద ఎందుకు వచ్చిందో వివరించగలం, దానిని సమర్థించమని ఎవరినీ అడగం. మనుషులు చేసిన పనికి వివరణ ఇస్తూ, అదే సమర్థన అని నమ్మించడం దగ్గరే చాలా వాదనలు దారి తప్పుతాయి.

పాత కంపోజిటరు
అయిదో వ్యాసం గురించి ఎవరూ పట్టించుకోలేదు. సీసపు అక్షరాలతో పని చేసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. జస్టిఫై చేయడమంటే రెండు అంచులూ సమంగా కనిపించడమని కంప్యూటరు వచ్చాక అందరూ అనుకుంటున్నారు. అంచు దాని ఫలితం మాత్రమే. కంపోజింగ్ స్టిక్‌లో, అంటే అక్షరాలు పేర్చే చేతిపట్టీలో, పంక్తి పేర్చాక అది నిర్ణయించిన కొలతకు బిగుతుగా సరిపోవాలి. మాటల మధ్య స్పేసులు మార్చి మార్చి, వేలితో నొక్కితే కదలనంతగా నింపాలి. ఒక్క పంక్తి వదులైనా ఫారం (చట్రంలో అమర్చిన అక్షరాల పుట) బిగించి ఎత్తినప్పుడు అక్షరాలు జారి కింద పడతాయి. పద్యం పేర్చినా, కుడి అంచు ఎగుడుదిగుడుగా ఉన్నా, ఆ ఖాళీని కూడా లోహపు ముక్కలతో నింపి పంక్తిని జస్టిఫై చేయవలసిందే. కాగితం మీద కనపడని జస్టిఫికేషన్ అది. గళ్ళనుడి గారు చెప్పిన కొలత మాట మా పనిలో అక్షరాలా నిజం.

తెలుగుకు ఇందులో ప్రత్యేకమైన కష్టం ఉంది. మన మాటలు పొడవు. విభక్తులూ ప్రత్యయాలూ అతుక్కుని ఒక్కొక్క మాట ఇరుకు కాలమ్‌లో సగం మింగేస్తుంది. ఒక పంక్తిలో రెండే మాటలు పడితే మధ్య ఉన్న ఒకే ఒక్క ఖాళీని ఎంత సాగదీయాలి? అలాంటి ఖాళీలు నాలుగైదు పంక్తుల్లో ఒకదాని కింద ఒకటి వస్తే పుటలో తెల్లటి వాగు పారినట్టుంటుంది. మాటను విరిచి కింది పంక్తికి దింపడమే దారి. విరిచేటప్పుడు అక్షరం దగ్గరే విరవాలి. ఒత్తును దాని హల్లు నుంచి వేరుచేస్తే చదివేవాడు తిట్టుకుంటాడు.

కంప్యూటర్లలో ఎక్కువ సాఫ్ట్‌వేర్లు ఒక్కొక్క పంక్తినే చూసుకుంటూ పోతాయి. డొనాల్డ్ నూత్, మైకేల్ ప్లాస్ 1981లో ప్రచురించిన పద్ధతి పేరా మొత్తాన్ని ఒకేసారి చూసి, ఎక్కడ విరిస్తే అన్ని పంక్తులూ కలిపి తక్కువ వికారంగా ఉంటాయో లెక్కకట్టింది. పాతకాలపు మంచి కంపోజిటరు కూడా రెండు పంక్తులు ముందుకు చూసేవాడు.

లఘువు
ఇంతకీ తెలుగులో ఏమనేవారు?

పాత కంపోజిటరు
జస్టిఫై అనే అనేవాళ్ళం. నన్నడిగితే ‘పంక్తి తీర్చడం’ అంటాను.

ఆదివారం బడి
పై మాట చదివి ఉలిక్కిపడ్డాను. నాలుగో వ్యాసం కోసం నేను రాయదలచిన మాట కూడా అదే. తెలుగు బైబిలులో ఈ పదానికి వాడినది ‘నీతిమంతులుగా తీర్చబడుట’. మతసంస్కర్త లూథరు కాలం నుంచి జరిగిన వివాదమంతా లాటిన్ పదంలోని ‘చేయడం’ చుట్టూ తిరుగుతుంది. దేవుడు పాపిని నీతిమంతుడని ప్రకటిస్తాడా, లేక నిజంగా నీతిమంతుడిగా మారుస్తాడా? మొదటిది న్యాయస్థానపు మాట, సంస్కర్తలు దాన్ని పట్టుకున్నారు. రెండోది లోపలి మార్పు, 1547లో కాథలిక్కుల ట్రెంట్ సభ చేసిన నిర్ణయం దాన్ని వదలలేదు. లూథరు 1522 జర్మన్ అనువాదంలో రోమీయులకు రాసిన పత్రికలో ‘విశ్వాసం వల్ల’ అన్నదానికి ‘మాత్రమే’ అన్న మాట చేర్చడం మీద కూడా పెద్ద రగడ జరిగింది. అనువాదకుల కష్టాలు కొత్తవి కావు. 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్లు, కాథలిక్కులు ఈ అంశం మీద ఉమ్మడి ప్రకటనపై సంతకాలు చేశారు.

‘తీర్చు’లో రెండు అర్థాలూ ఉన్నాయి. తీర్పు చెప్పడం ఒకటి, తీర్చిదిద్దడం మరొకటి. గ్రీకు, లాటిన్, జర్మన్ పండితులు విడిపోయిన చోట తెలుగు క్రియ రెండు పక్షాలనూ ఒకే ఇంట్లో కూర్చోబెట్టింది.

మసకవెన్నెల
అయితే ‘తీర్చు’ను ఇంకా లాగవచ్చు. సందేహం తీర్చడం తత్త్వానికి, తీర్పు చట్టానికి, నీతిమంతులుగా తీర్చడం మతానికి, బారులు తీర్చడం అచ్చుకు. అయిదింట నాలుగు ఒకే ధాతువు కిందికి వచ్చాయి. సంపాదకుడికి పంపండి.

వకాల్తా
మసకవెన్నెల గారు కొంచెం ఎక్కువ లాగారు. తీర్పు జస్టిఫికేషన్ కాదు, దాన్ని అంగీకరించడమో తోసివేయడమో చేసేది తీర్పు. సందేహం తీరడం కూడా ఆధారం ఉండటం కాదు. అబద్ధంతో సందేహం తీర్చుకున్నవాళ్ళు మా వృత్తిలో రోజూ కనిపిస్తారు. రెండు చోట్ల నిజంగా కుదిరిన మాటను నాలుగు చోట్ల కుదిరిందనడం, అచ్చు కార్మికుల భాషలో చెప్పాలంటే, స్పేసును సాగదీయడం.

పాత కంపోజిటరు
ఒప్పుకుంటాను. పంక్తి దగ్గర, బైబిలు దగ్గర ఆపేయండి.

బల్లకట్టు
మనం నామవాచకం కోసమే వెతుకుతూ రోజూ వాడే విశేషణాన్ని మరిచిపోయాం. ‘ఇది జస్టిఫైడా?’ అన్నదానికి తెలుగువాడు ‘ఇది సబబేనా?’ అంటాడు. అరబ్బీలో ‘సబబ్’ అంటే కారణం. తెలుగులోకి వచ్చాక అది కారణం నుంచి జరిగి, తగిన కారణం ఉన్నది అనే అర్థంలో స్థిరపడింది. వివరణ నుంచి సమర్థనకు నడిచిన ప్రయాణం ఆ ఒక్క మాటలోనే ఉంది.

గళ్ళనుడి
బల్లకట్టు గారి మాటకు చేర్పు. ‘జస్టిఫైడ్ యాంగర్’కు ధర్మాగ్రహం ఉంది. భయానికి మాత్రం ధర్మభయం అనం, ‘ఆమె భయపడటంలో అర్థం ఉంది’ అంటాం. కోపం ధర్మానికి, భయం అర్థానికి లెక్క చెప్పుకుంటాయి కాబోలు.

అనువాదకూపం
నిన్న రాత్రి సంపాదకుడికి ఉత్తరం రాశాను. మొదటి వ్యాసంలో ‘సమర్థన’, వాక్యం మధ్యలో విశేషణం వచ్చిన చోట ‘సబబు’. రెండోదానిలో ‘ప్రమాణయుతం’ (చాక్‌పీసు గారి అభ్యంతరాన్ని అధస్సూచిలో చెబుతాను). మూడోదానిలో ‘చట్టసమ్మతి’, ‘దోషవిముక్తి’. నాలుగోదానిలో ‘నీతిమంతులుగా తీర్చబడుట’. అయిదోదానిలో ‘పంక్తి తీర్చడం’. ఈ ఉదయం ఒకే వాక్యం జవాబు వచ్చింది: నియమాన్ని అయిదుచోట్ల ఎందుకు అతిక్రమించారో సమర్థిస్తూ ఒక పుట రాసి పంపమన్నారు.

మసకవెన్నెల
సమర్థిస్తూ అన్నారా, సమర్థించుకుంటూ అన్నారా?

అనువాదకూపం
‘సమర్థిస్తూ’ అనే రాశారు. అదృష్టవంతుణ్ణి.

బల్లకట్టు
సంజాయిషీ అనలేదు కాబట్టి ఉద్యోగం ఉన్నట్టే.

పాత కంపోజిటరు
ఆ పుటను రెండు అంచులూ సమంగా పంపకండి. తెలుగుకు ఎడమ అంచు చాలు, కుడివైపు వదిలేస్తే చదవడానికి హాయిగా ఉంటుంది.